గోడ లోపల దెబ్బతిన్న కరెంటు వైరును సరిచేయడం: మొదటి నుంచి చివరి దాకా

గోడలకు ప్లాస్టరింగూ రంగులూ పూర్తయిన తరువాత లోపల వైరింగు ఏ దారిన పోతున్నదో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఫొటో ఫ్రేముకు మేకు కొట్టినప్పుడో, గీజరు బ్రాకెట్టుకు డ్రిల్లు వేసినప్పుడో, టీవీ వెనుక చెక్క పలక బిగించినప్పుడో ఆ మొన పైపులోకి దిగి వైరును కోస్తుంది. కొన్నిసార్లు అప్పటికప్పుడే మెరుపు వచ్చి ఎం.సి.బి. (లైనులో కరెంటు మితిమీరితే దానంతటదే తెంచే స్విచ్) ట్రిప్పవుతుంది. మరికొన్నిసార్లు ఏమీ జరగనట్లే ఉండి, నెలలు గడిచాక వానలకు గోడ చెమ్మగిల్లినప్పుడు చెయ్యి తగిలితే జివ్వుమంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ ఉండే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, అందులోనూ బారువ, కళింగపట్నం, భోగాపురం వంటి ఉప్పుగాలి తగిలే చోట్ల, ఈ రెండో రకం దెబ్బను మరింత జాగ్రత్తగా చూడాలి.

ఈ మరమ్మతుకు సంబంధించి నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఒకటుంది. గోడలో అతుకు వేసి, దాని మీద సిమెంటు పూసి మూసేయకూడదు. వైరు దెబ్బతిన్నది ఒక్కచోటే అయినా ఒక బాక్సు నుంచి మరో బాక్సు దాకా ఉన్న మొత్తం వైరును మార్చాలి. అది సాధ్యం కాకపోతే అతుకు వేసిన చోట మూత తీసి చూడగలిగే బాక్సు ఉండాలి. మన ఇళ్ళలో వైర్లను పైపులో నడిపేది అవసరమైనప్పుడు బయటికి లాగి మార్చుకోవడానికే కాబట్టి, ఆ సదుపాయాన్ని వాడుకోకుండా టేపు చుట్టి పూడ్చేయడానికి సరైన కారణమేదీ నాకు కనబడదు.

పనికి దిగే ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చుల వంటివి మార్చుకోవడం తప్ప, వైరింగు మరమ్మతులను లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో చేయించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి కరెంటు ఆపడం, లక్షణాలు గమనించడం, గోడ తవ్వించడం, చివర ప్లాస్టరింగు చేయించడం ఇంటివారి పనులు. వైరు విప్పడం, లాగడం, కలపడం, పరీక్షించడం ఎలక్ట్రీషియన్ పనులు. అయినా ప్రతి దశలో ఏం జరగాలో ఇంటివారికి తెలిసి ఉంటే, ఎలక్ట్రీషియన్ చేస్తున్న పని సరైనదో కాదో దగ్గరుండి చూసుకోగలుగుతారు.

కరెంటు ఆపడం

మేకు గానీ డ్రిల్ బిట్టు గానీ వైరులో దిగిందని అనుమానం వచ్చిన క్షణంలోనే దాన్ని అలాగే వదిలేసి చెయ్యి తీసేయాలి. గోడలో దిగి ఉన్న మేకు ఫేజును, అంటే కరెంటు తెచ్చే వైరును, తాకుతుంటే ఆ మేకులోనే 230 వోల్టులు ఉంటాయి. దాన్ని కటింగ్ ప్లయరుతో పీకబోయి షాకు తినే ప్రమాదం ఉంది. ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. ఎం.సి.బి. దానంతటదే ట్రిప్పయినా సరే మెయిన్ ఆపాలి, ఎందుకంటే ట్రిప్పయిన ఎం.సి.బి. ఆ పైపులోని ఒక్క లైనునే ఆపి ఉంటుంది. అదే పైపులో మరో లైను వైర్లు కూడా పోతుండవచ్చు.

ఇక ఇన్వర్టరు సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి అనుభవాలున్న ప్రాంతంలో ఇన్వర్టరు పెట్టుకోవడం సహజమే. అయితే మెయిన్ ఆపగానే ఇన్వర్టరు తన పని తాను మొదలుపెట్టి, లైట్ల లైన్లకూ ఫ్యాన్ల లైన్లకూ అదే 230 వోల్టులు పంపిస్తుంది. అందుచేత ఇన్వర్టరు స్విచ్ ఆపి, దాని నుంచి ఇంటి వైరింగుకు పోయే లైనును కూడా విడదీయాలి. జనరేటరు కలిపే చేంజోవరు స్విచ్ ఉంటే దాన్ని కూడా ఆపు స్థానంలో ఉంచాలి. ఆపిన తరువాత మెయిన్ బోర్డు మీద "పని జరుగుతోంది, వేయవద్దు" అని కాగితం అంటించడం చిన్న పనే, కానీ బయటి నుంచి వచ్చిన ఇంటి మనిషి చీకటిగా ఉందని స్విచ్ వేయకుండా అదే ఆపుతుంది.

కరెంటు లేదని నిర్ధారించుకోవడానికి జేబులోని టెస్టరు ఒక్కటే చాలదు. టెస్టరు వెలగలేదంటే కరెంటు లేదనే కాదు, టెస్టరులోని బల్బు పోయి ఉండవచ్చు, పట్టుకున్న మనిషి ఎండిన చెక్క బల్ల మీద నిలబడి ఉండవచ్చు. మల్టీమీటరును ముందు కరెంటు ఉన్నట్టు ఖాయంగా తెలిసిన చోట చూసి, తరువాత పనిచేయబోయే చోట ఫేజు న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) మధ్య, ఫేజు ఎర్తు (లీకైన కరెంటును నేలలోకి పంపే వైరు) మధ్య, న్యూట్రల్ ఎర్తు మధ్య చూసి, మళ్ళీ తెలిసిన చోట చూడాలి. విడదీసిన వైరులో పక్క వైరు ప్రభావం వల్ల డిజిటల్ మీటరు 40, 60 వోల్టులు చూపించడం ఉంటుంది. హోల్డరు బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తే అది నిజమైన కరెంటో కాదో తేలిపోతుంది.

ఎవరికైనా షాకు తగిలి మనిషి వైరుకు అతుక్కుపోతే ముట్టుకోకుండా మెయిన్ ఆపాలి. వెంటనే ఆపలేకపోతే ఎండిన కర్రతో విడదీసి 108కి ఫోను చేయాలి. మీటరు దగ్గరగానీ బయటి సర్వీసు వైరులోగానీ లోపం ఉంటే అది తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పని. 1912కి ఫోను చేసి చెప్పాలి తప్ప సొంతంగా చెయ్యి పెట్టకూడదు.

ఏ వైరు, ఏ రకం దెబ్బ

గోడ పగలగొట్టే ముందు తొందరపడకుండా లక్షణాలు గమనిస్తే సగం పని తేలికవుతుంది. ఎం.సి.బి. ఎత్తిన వెంటనే పడిపోతుంటే ఫేజూ న్యూట్రలూ లోపల ఒకదానికొకటి తగిలి ఉంటాయి. అలాంటప్పుడు ఎం.సి.బి.ని మళ్ళీమళ్ళీ ఎత్తి చూడకూడదు, ఎత్తిన ప్రతిసారీ లోపల అదే చోట మెరుపు వచ్చి పక్క వైర్ల తొడుగును కూడా కాలుస్తుంది. ఎం.సి.బి. నిలబడినా ఆ లైను మొత్తం చచ్చిపోయి ఉంటే ఫేజు తెగి ఉండవచ్చు. లైటు వెలగదు గానీ, స్విచ్ వేసినప్పుడు హోల్డరు రెండు పిన్నుల దగ్గరా టెస్టరు వెలుగుతుంటే తెగింది న్యూట్రల్. ఈ చివరి లక్షణాన్ని చూసి "రెండు ఫేజులు వస్తున్నాయి" అని కంగారు పడేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అక్కడ బల్బు గుండా తిరిగి వచ్చిన ఫేజే రెండో పిన్ను దగ్గర కనబడుతుంది.

ఆర్.సి.సి.బి. (కరెంటు ఎర్తులోకి లీకైతే వెంటనే తెంచే స్విచ్) ఉన్న ఇంట్లో మరో చిక్కు ఉంది. దెబ్బతిన్న లైను ఎం.సి.బి.ని ఆపి ఉంచినా, ఇంట్లో మరెక్కడో ఫ్యాను వేయగానే ఆర్.సి.సి.బి. పడిపోతుంటే, లోపల న్యూట్రల్ ఎర్తుకో తడి గోడకో తగిలిందని అర్థం. సింగిల్ పోల్ ఎం.సి.బి. ఫేజును మాత్రమే తెంచుతుంది గనుక న్యూట్రల్ దారి తెరిచే ఉంటుంది, మిగతా లైన్ల కరెంటులో కొంత ఆ దారిన ఎర్తులోకి పోతుంది. ఈ సంగతి తెలియక ఆర్.సి.సి.బి.నే చెడిపోయిందని తీసిపారేసి నేరుగా కలిపేసుకునే ఇళ్ళు ఉన్నాయి. అంతకు మించిన ప్రమాదకరమైన పని లేదు.

ఏ లక్షణమూ చూపించని దెబ్బ ఎర్తు వైరు తెగడం. లైట్లు వెలుగుతాయి, గీజరు కాగుతుంది, ఏదీ ట్రిప్పవదు. గీజరు లోపల ఎలిమెంటు నుంచి కరెంటు లీకైన రోజున మాత్రమే ఎర్తు లేదన్న సంగతి బయటపడుతుంది, అప్పటికి నీళ్ళ కింద మనిషి ఉంటాడు. కాబట్టి మేకు దిగిన చోట అన్నీ పనిచేస్తున్నా ఎర్తు వైరు కొనసాగుతున్నదో లేదో విడిగా చూడాలి.

తరువాత మీటరు పరీక్ష. ఆ లైనులోని బల్బులు, ప్లగ్గులు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు అన్నీ తీసేసి, వైరు రెండు కొనలనూ విప్పి, న్యూట్రల్‌ను మెయిన్ బోర్డులోని న్యూట్రల్ లింకు నుంచి విడదీసి, ముందు మల్టీమీటరుతో ఒక్కొక్క వైరూ కొసదాకా కొనసాగుతున్నదో లేదో చూడాలి. ఆపైన 500 వోల్టుల మెగ్గరుతో (వైరు తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతున్నదో కొలిచే మీటరు) వైర్ల మధ్య ఇన్సులేషన్ కొలవాలి. 1 మెగాఓమ్‌కు తగ్గకూడదన్నది ఆమోదయోగ్యమైన కనీస హద్దు. మంచి వైరు పొడి పైపులో వందల మెగాఓమ్‌లు చూపిస్తుంది కాబట్టి, 2 లేదా 3 దగ్గర ఆగిన లైనును నేనైతే మంచిదని ఒప్పుకోను.

గోడ తెరవడం

మన వైపు స్లాబు ఇళ్ళలో పైపులు ఎక్కువగా స్లాబులోని ఫ్యాను బాక్సు నుంచి గోడలోకి దిగి స్విచ్ బోర్డు దాకా నిలువుగా వస్తాయి. అయితే రెండు బోర్డులను కలిపే అడ్డ పైపులూ, పని తేలిక కోసం ఏటవాలుగా పోయినవీ ఉంటాయి గనుక కేవలం ఊహ మీద ఆధారపడకుండా బోర్డు విప్పి పైపు ఏ వైపు నుంచి లోపలికి వచ్చిందో చూడాలి.

మేకును తిన్నగా వెనక్కి లాగేసి, దాని చుట్టూ 10 నుంచి 12 సెంటీమీటర్ల చదరం గీసి, ఉలిని ఏటవాలుగా పట్టి సన్నని సుత్తి దెబ్బలతో ప్లాస్టరింగును అంచుల నుంచి లోపలికి తీయాలి. ఇక్కడ కటింగ్ మిషన్ వాడవద్దు. దెబ్బతినని వైర్లను కూడా బ్లేడు కోసేస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. తవ్వుతున్నది ఇటుక గోడ కాకుండా కాంక్రీటు స్తంభమో దూలమో అయితే పని ఆపేయాలి. అక్కడ ఇనుప కమ్మీల మీది కాంక్రీటును తవ్వడం ఇంటి బలానికే ముప్పు, తీర గాలిలో ఆ కమ్మీ త్వరగా తుప్పు కూడా పడుతుంది.

పైపు బయటపడ్డాక వెలుతురు పెట్టి దగ్గరగా చూడాలి. డ్రిల్ బిట్టు తగిలిన వైరు తొడుగు చీలి, అంచులు పైకి లేచి, లోపల రాగి పోగులు కొన్ని తెగి, తెగిన కొనలు నల్లబడి ఉంటాయి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరులో సగం పోగులు తెగితే మీటరులో తేడా తెలియదు. కానీ గీజరు వేసిన ప్రతిసారీ మొత్తం కరెంటు మిగిలిన సగం పోగుల గుండానే పోవాలి గనుక ఆ ఒక్కచోట వేడెక్కి తొడుగు మెత్తబడుతుంది. అందుకే "కొంచెమే చీలింది, టేపు వేస్తే సరిపోతుంది" అన్న మాటను నేను అంగీకరించను. టేపు జిగురు కాలక్రమంలో ఎండి ఊడుతుంది, ఊడిన సంగతి గోడ లోపల ఎవరికీ కనబడదు.

పైపును బాగుచేసి వైరు లాగడం

ముందు పాత వైర్లు బయటికి రావాలి. వైరు తెగకుండా చీలి మాత్రమే ఉంటే అదే కొత్త వైరుకు లాగుతాడుగా పనికి వస్తుంది. మధ్యలో తెగిపోయి ఉంటే రెండు ముక్కలనూ చెరో వైపు నుంచి లాగేసి, ఖాళీ పైపులోకి వైరింగు స్ప్రింగు పంపాలి. అయితే ఆ పైపులో ఉన్నవాటిలో ఒక్క వైరునే మార్చకుండా, వీలైతే అన్నింటినీ తీసి కొత్తవాటిని కలిపి ఒకేసారి లాగడం మంచిది. బిగుసుకున్న పాత వైర్ల మధ్య ఒక్క వైరును లాగితే ఆ రాపిడికి మిగతావాటి తొడుగు అరిగిపోతుంది.

చిట్లిన పైపు ముక్కను రెండు వైపులా సమంగా కోసి, లోపలి అంచులను ఉప్పు కాగితంతో నున్నగా చేసి, అంతే పొడవు కొత్త పి.వి.సి. ముక్కను రెండు కప్లింగులతో, సాల్వెంటుతో అతికించాలి. సాల్వెంటు పచ్చిగా ఉండగా వైరు లాగితే దాని తొడుగు కరుగుతుంది, పూర్తిగా ఆరనివ్వాలి. కప్లింగు ఎక్కించడానికి పైపు అటూ ఇటూ కదలకపోతే గాడిని మరికొంత పొడిగించాలి. పైపులో చిన్న రంధ్రం పడి వైరు బయటికి లాగడానికి వీలున్నా ఈ పని వదిలేయకూడదు. ఆ రంధ్రం అంచు కొత్త వైరును గీరుతుంది, తరువాత పూసే సిమెంటు నీళ్ళు దాని గుండానే పైపులోకి దిగుతాయి.

వైరు ఐ.ఎస్. 694 (భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న రాగి వైరై ఉండాలి. లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు 10 ఆంపియర్లకు మించని ఎం.సి.బి.తో, 16 ఆంపియర్ల ప్లగ్గుకు రెండున్నర వైరు 16 ఎం.సి.బి.తో, ఏ.సి.కీ పెద్ద గీజరుకూ నాలుగు వైరు 20 లేదా 25 ఎం.సి.బి.తో వాడితే సరిపోతుంది. ఉన్న వైరు కంటే సన్నది ఎన్నడూ వేయకూడదు. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ అన్న రంగుల పద్ధతిని షాపులో ఉన్న రంగు కోసం మార్చకూడదు, తరువాత వచ్చే ఎలక్ట్రీషియన్ ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది.

పాత వైర్ల కొనల దగ్గర 5 సెంటీమీటర్ల మేర తొడుగు తీసి, పోగుల్లో సగం కత్తిరించి సన్నం చేసి, కొక్కెంలా వంచాలి. కొత్త వైరు కొననూ అలాగే వంచి రెండూ తగిలించి మెలిపెట్టాలి. మూడు వైర్ల ముళ్ళూ ఒకేచోట పడకుండా ఒకదాని వెనుక ఒకటి వచ్చేలా జరిపి, పైన ఒక్క పొర టేపు నున్నగా చుట్టాలి. ముడి లావైతే మొదటి వంపు దగ్గరే ఇరుక్కుంటుంది. పైన నిచ్చెన మీద ఒకరు వైర్లు మెలిపడకుండా లోపలికి తోస్తూ ఉండాలి, కింద మరొకరు లాగాలి. లాగడం, తోయడం ఒకేసారి జరగాలంటే ఇద్దరూ గట్టిగా పిలుచుకుంటూ పనిచేయాలి. బిగుసుకుంటే టాల్కం పౌడరు రాయవచ్చు. నూనె, గ్రీజు వాడితే తొడుగు పాడవుతుంది. రెండు కొనల దగ్గరా 15 నుంచి 20 సెంటీమీటర్లు వదలాలి, బోర్డులో మళ్ళీ ఎప్పుడైనా కొన కత్తిరించాల్సి వస్తే వైరు చాలాలి కదా.

పైపు పూడిపోయి ఉంటే

స్లాబు పోసినప్పుడు పైపు అతుకు గుండా సిమెంటు పాలు దిగి గట్టిపడిన ఇళ్ళలో స్ప్రింగు ముందుకు పోదు, పాత వైరు కదలదు. బలంగా లాగితే లోపలే తెగుతుంది. అప్పుడు దెబ్బతిన్న చోటనే ఒక బాక్సు అమర్చి, పైపు రెండు కొసలనూ బుష్‌లతో ఆ బాక్సులోకి తెచ్చి, వైర్లను స్క్రూ కనెక్టరుతోగానీ లివరు కనెక్టరుతోగానీ కలిపి, పైన మూత ప్లేటు బిగించాలి. చీలిన భాగాన్ని పూర్తిగా కత్తిరించేసి, మిగిలిన కొసలు అందకపోతే మధ్యలో అదే సైజు వైరు ముక్క వేయాలి. కనెక్టరులో రాగి పోగు ఒక్కటి కూడా బయట మిగలకూడదు, కలిపిన తరువాత ఒక్కొక్క వైరునూ పట్టి లాగి చూడాలి. గోడ మీద ఆ ప్లేటు కనబడుతుందని ఇంటివారు ఇబ్బంది పడతారని తెలుసు. అయినా దాని మీద పుట్టీ పూసి కప్పకూడదు. అది అసలే వద్దనుకుంటే పాత లైనును రెండు కొనలా విప్పేసి, గోడ పైభాగంలో పి.వి.సి. కేసింగు పట్టీలో కొత్త వైరు నడపాలి.

విజయనగరం కోట చుట్టుపక్కల, బొబ్బిలి, పర్లాకిమిడి దారిలోని పాత ఊళ్ళలో గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు ఇంకా ఉన్నాయి. అలాంటి గోడను తవ్వితే అనుకున్న దానికంటే పెద్ద పెచ్చు ఊడుతుంది గనుక అక్కడ కేసింగు పట్టీయే మేలు. ఆ ఇళ్ళలో అల్యూమినియం వైరు ఉంటే దానికి రాగి వైరును నేరుగా మెలిపెట్టి కలపకూడదు. తేమ తగిలితే ఆ అతుకు తుప్పుపట్టి వేడెక్కుతుంది. ఆ లైను మొత్తాన్ని రాగిలోకి మార్చడమే సరైన పని.

మూయడానికి ముందు, మూసిన తరువాత

గాడి తెరిచి ఉండగానే పరీక్షలన్నీ పూర్తిచేయాలి. ఒక్కొక్క వైరూ కొసదాకా కొనసాగుతున్నదా, మెగ్గరు ఎంత చూపిస్తున్నది, స్విచ్ తెంచుతున్నది ఫేజునేనా, ప్లగ్గులో ఫేజు కుడి వైపు రంధ్రంలో ఉందా, పెద్ద రంధ్రానికి ఎర్తు అందిందా అన్నవి చూసి, అప్పుడు మాత్రమే కరెంటు ఇచ్చి, ఆ లైను మోయాల్సిన పూర్తి లోడు అరగంట నడపాలి. ఆర్.సి.సి.బి. మీది టెస్ట్ బటను నొక్కితే వెంటనే పడాలి. ఇంట్లో అసలు ఆర్.సి.సి.బి. లేకపోతే 30 మిల్లీఆంపియర్లది పెట్టించడానికి ఇదే సమయం, ఎలక్ట్రీషియన్ ఎలాగూ వచ్చి ఉన్నాడు.

ఇవన్నీ సరిగా ఉన్నాక టేపు కొలతబద్దను గోడకు ఆనించి, నేల నుంచి ఎంత ఎత్తులో, గుమ్మం నుంచి ఎంత దూరంలో పైపు పోతున్నదో కనబడేలా ఫొటో తీయాలి. ఆ కొలతలు కాగితం మీద రాసి మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అంటించాలి.

గాడిని నీళ్ళతో తడిపి, పైపు మీద సన్నని జాలీ పరచి, సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్ళతో తాపీ మేస్త్రీ చేత నింపించాలి; జాలీ లేకపోతే గాడి అంచున పగులు తిరిగి వస్తుంది. ఇసుక నాగావళిదో వంశధారదో అయి ఉండాలి తప్ప దగ్గరలో దొరికిందని సముద్రపు ఇసుక వాడకూడదు, దానిలోని ఉప్పు తేమను పీల్చి గోడను ఎప్పటికీ చెమ్మగా ఉంచి ఇనుప బాక్సును తినేస్తుంది. బయటి గోడకు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పనికిరాదు. వారం రోజులు తడిపి, బాగా ఆరిన తరువాతే పుట్టీ, రంగు వేయించాలి. తడుపుతున్న ఆ వారం ఆ లైను ఎం.సి.బి. ఆపి ఉంచి, గోడ ఆరాక మరోసారి మెగ్గరు పెట్టి, మూయక ముందు వచ్చిన అంకెతో పోల్చాలి. అంకె బాగా తగ్గితే పైపులోకి నీరు దిగిందని గ్రహించి ఇంకొన్ని రోజులు ఆరనివ్వాలి. అప్పటికీ పెరగకపోతే అతుకు దగ్గర మళ్ళీ తెరిచి చూడాలి. అంకె నిలబడితే లైను వాడుకోవచ్చు, మొదటి వానాకాలం మధ్యలో మాత్రం ఇదే కొలత మరొక్కసారి తీయించాలి.